పాత చవక డ్రమ్ సెట్ల సేకరణ: విజయవాడ, గుంటూరు వాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

విజయవాడలోనో గుంటూరులోనో ఒక పాత డ్రమ్ సెట్ బయటపడిందంటే అది పెద్ద పేరున్న అమెరికన్ సెట్ కావడం చాలా అరుదు. కంపెనీ పేరు బిళ్ల ఊడిపోయిన జపాన్ సెట్టో, బ్యాండ్ మేళం సామాన్లు చేసేవాళ్లు తయారుచేసిన దేశవాళీ సెట్టో, రెండు మూడు సెట్ల ముక్కలు కలిపి నిలబెట్టిన సెట్టో అయ్యుంటుంది. ఖరీదైన వాటి వెంట పడేవాళ్లు వీటిని తీసి పక్కన పెడతారు. నేను మాత్రం వీటినే వెతకమంటాను. మన పెళ్లి రిసెప్షన్లలో, వినాయక చవితి పందిళ్లలో, క్రిస్మస్ ఆరాధనల్లో ఏళ్ల తరబడి మోగినవి ఇవే. ఇవి పాత ఇనుప సామాన్ల కొట్టుకు పోతే మన ఊళ్లలో స్టేజి సంగీతం ఎలా నడిచిందో చూపించే వస్తువు మిగలదు.

కాబట్టి ఈ పనిలో నేను పాటించే సూత్రం ఒక్కటే. సెట్‌ని కొత్తదానిలా మార్చకూడదు, వాయించేలా చేయాలి. కింద చెప్పేవన్నీ దాన్నిబట్టే ఉంటాయి.

ముందుగా తెలుసుకోవాల్సిన చరిత్ర

బ్యాండులో పెద్ద డ్రమ్ ఒకరు, సైడ్ డ్రమ్ ఒకరు, తాళాలు ఇంకొకరు వాయించేవారు. ఆ ముగ్గురి పనీ ఒక్క మనిషి కూర్చుని చేయగలిగాడంటే కాలితో తొక్కే పెడల్ వల్లే. లడ్విగ్ అన్నదమ్ములు 1909లో చికాగోలో కంపెనీ పెట్టి నిలదొక్కుకున్నది ఆ పెడల్‌తోనే. 1920ల్లో హై-హ్యాట్ (కాలితో కలిపి మోగించే జంట తాళాలు) వచ్చింది. 1930ల్లో పైనా కిందా రెండు వైపులా బిగించుకునే టామ్‌లు అనే చిన్న డ్రమ్ములు వచ్చాయి. ఈనాటి సెట్ రూపం అప్పటికే దాదాపు కుదిరింది. ఇంగ్లండులో 1922లో మొదలైన ప్రీమియర్ కంపెనీ, అంత డబ్బు పెట్టలేని వాళ్ల కోసం ఒలింపిక్ అనే పేరుతో చవక సెట్లు చేసేది. అంటే ఒకే కంపెనీ ఖరీదైనది ఒక పేరుతో, చవకది ఇంకో పేరుతో అమ్మడం అప్పటికే ఉంది.

చవక సెట్ల వరద మాత్రం 1964 తర్వాతే. ఆ ఏడాది ఫిబ్రవరి 9న అమెరికా టీవీలో ఇంగ్లండు పాటల బృందం బీటిల్స్ కార్యక్రమాన్ని సుమారు 7 కోట్ల 30 లక్షల మంది చూశారు. వాళ్ల డ్రమ్మర్ రింగో స్టార్ బేస్ డ్రమ్ (కాలితో మోగించే పెద్ద డ్రమ్) మీద లడ్విగ్ పేరు కనిపించింది. ఆ తర్వాత డ్రమ్స్ నేర్చుకోవాలనుకున్న కుర్రాళ్లకు లెక్కలేదు, లడ్విగ్ కొనగలిగే ఇళ్లు మాత్రం కొన్నే. ఆ గిరాకీని అందుకున్నది జపాన్.

అక్కడ అప్పటికే పునాది పడి ఉంది. కత్సుమి యానగిసావా 1946లో టోక్యోలో మ్యూజిక్ స్టాండ్లు చేయడం మొదలుపెట్టి, 1950లో డ్రమ్స్‌లోకి దిగాడు. అదే పెర్ల్. నగోయాకు చెందిన హోషినో గక్కి స్టార్ పేరుతో డ్రమ్స్ చేసి, 1974 నుంచి టామా అనే పేరు వాడింది. యమహా 1967లో ఈ రంగంలోకి వచ్చింది. జపాన్ ఫ్యాక్టరీలు విదేశీ టోకు వ్యాపారి ఏ పేరు కోరితే ఆ పేరు బిళ్ల కొట్టి పంపేవి. అందుకే స్టువర్ట్, అపోలో, మెజెస్టిక్ లాంటి రకరకాల పేర్ల కింద ఒకే తీరు డ్రమ్ కనిపిస్తుంది. వీటిని సేకరించేవాళ్లు స్టెన్సిల్ సెట్లు అంటారు. తర్వాత కంపెనీలు తమ చవక రకాలకు తామే పేర్లు పెట్టుకున్నాయి: పెర్ల్ వాళ్ల మ్యాక్స్‌విన్, టామా వాళ్ల స్వింగ్‌స్టార్, 1982లో వచ్చిన పెర్ల్ ఎక్స్‌పోర్ట్. ఎక్స్‌పోర్ట్ వచ్చాక చవక సెట్ అంటే నాసిరకం అనే మాట చాలావరకు తగ్గిపోయింది.

మన దగ్గర పరిస్థితి వేరు. 1991 ఆర్థిక సంస్కరణల దాకా దిగుమతి లైసెన్సులు, సుంకాల వల్ల విదేశీ సెట్ మామూలు ఆర్కెస్ట్రాకు అందేది కాదు. దేశంలో తయారయ్యేవే దిక్కు. ఉత్తరప్రదేశ్‌లోని మీరట్‌లో జలీ కోఠీ అనే ప్రాంతం బ్యాండ్ మేళం వాద్యాలకు పెట్టింది పేరు. ఇలా బ్యాండ్ సామాన్లు చేసే చేతుల్లోనే మన దేశవాళీ సెట్లు కూడా రూపుదిద్దుకున్నాయి. రోలాండ్ కంపెనీ 1985లో ఆక్టోప్యాడ్ అనే, పుల్లలతో కొట్టే ఎలక్ట్రానిక్ వాద్యాన్ని తెచ్చింది. అది మన ఆర్కెస్ట్రాల దాకా చేరాక కథ మారిపోయింది. నాలుగు డ్రమ్ములు, స్టాండ్లు వ్యాన్‌లో వేసుకుని తిరిగే చోట ఒక బ్యాగు సరిపోయింది. సెట్లు అటకెక్కాయి. మనం వెతకాల్సింది ఆ అటకల మీదే.

మొదటి మెట్టు: ఏ రకం సేకరించాలో తేల్చుకోండి

కనిపించిందల్లా కొంటే ఇల్లు నిండుతుంది తప్ప సేకరణ కాదు. మన దగ్గర నాలుగు రకాలు ఎదురవుతాయి. 1960, 70ల నాటి జపాన్ స్టెన్సిల్ సెట్లు. ఒలింపిక్ లాంటి ఇంగ్లండు సెట్లు. దేశవాళీ సెట్లు. 1980, 90ల నాటి ఎక్స్‌పోర్ట్, స్వింగ్‌స్టార్ తరం సెట్లు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా నాలుగో రకం. కొలతలు నేటి హెడ్‌లకు (డ్రమ్ మీద బిగించే, పుల్లతో కొట్టే పొర) సరిపోతాయి, విడిభాగాలు దొరుకుతాయి, వాయిస్తే బాగుంటాయి. చేయి తిరిగాక దేశవాళీ సెట్ల వైపు వెళ్లండి. అసలైన పని అక్కడుంది, ఎందుకంటే వాటి గురించి ఎవరూ రాసిపెట్టలేదు. ఇంగ్లండు సెట్ దొరికితే వదలొద్దు కానీ దాని కొలతల చిక్కు కింద చెబుతాను, అది చదివాకే డబ్బు ఇవ్వండి.

ముక్కలు కలిపిన సెట్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బేస్ డ్రమ్ ఒక కంపెనీది, టామ్ ఇంకోటి, స్నేర్ (అడుగున తీగలుండే డ్రమ్) బ్యాండ్ మేళం వాళ్లది అయినా, అవన్నీ ఒకే ఆర్కెస్ట్రాలో ఏళ్ల తరబడి కలిసి మోగి ఉంటే వాటిని విడదీయకండి. ఆ కలయికే దాని చరిత్ర.

రెండో మెట్టు: ఎక్కడ, ఎప్పుడు, ఎవరిని అడగాలి

ఆన్‌లైన్ ప్రకటనల్లో వచ్చేవి ఎక్కువగా కొత్త సెట్లు. పాతవి మనుషుల ద్వారానే బయటపడతాయి.

గుంటూరులో మొదట చర్చిలను అడగండి. పాటల బృందం ఉన్న ప్రతి పాత సంఘంలోనూ ఎప్పుడో ఒకప్పుడు డ్రమ్స్ ఉండే ఉంటాయి. కీబోర్డు వాయించే కుర్రాడిని కాదు, సంఘ పెద్దలను అడగాలి, ఎందుకంటే పాత సామాను ఏ గదిలో ఉందో తెలిసింది వాళ్లకే. "అయ్యగారూ, పాత డ్రమ్స్ ఏమైనా మూలన పడి ఉన్నాయా? బాగుచేసి పెట్టుకుంటాను" అని నేరుగా చెప్పండి. ఒక జాగ్రత్త: అది సంఘం ఆస్తి. ఎవరో ఒకరు "తీసుకుపోండి" అన్నారని తెచ్చుకోకండి. కమిటీకి చెప్పి, డబ్బు కట్టి, రసీదు తీసుకోండి. కొన్ని సంఘాలు ఆ డ్రమ్ ఎవరి జ్ఞాపకార్థం ఇచ్చారో షెల్ (డ్రమ్ గుండ్రటి ఒళ్లు) మీద రాయించి ఉంటాయి. అలాంటప్పుడు ఆ కుటుంబానికి కూడా ఒక మాట చెప్పడం మర్యాద.

విజయవాడలో బ్యాండ్ మేళం వాళ్లు, మానేసిన ఆర్కెస్ట్రాల వాద్యకారులు, లైటింగు, మైక్ సెట్లు అద్దెకిచ్చేవాళ్లు ముఖ్యం. మైక్ సెట్ వాళ్ల గోడౌన్లలో ఒకప్పుడు ఆర్కెస్ట్రా బాకీ కింద వదిలేసిన సామాను కూడా ఉంటుంది. వన్‌టౌన్ వైపు పాత సామాన్ల కొట్లలో ఒక్కో డ్రమ్ విడిగా దొరుకుతుంది. పూర్తి సెట్ అక్కడ ఆశించకండి.

ఎప్పుడు వెళ్లాలన్నది కూడా ముఖ్యమే. ముహూర్తాల రోజుల్లో ఏ వాద్యకారుడూ మీతో కూర్చోడు. ఆషాఢమాసంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి తీరిగ్గా మాట్లాడతారు. చర్చిలకైతే డిసెంబరు వదిలేసి జనవరి చివర్లో వెళ్లండి. పండక్కి గదులు సర్దినప్పుడు ఏం బయటపడిందో వాళ్లకు గుర్తుంటుంది.

పాత డ్రమ్మర్‌తో మాట్లాడేటప్పుడు బేరంతో మొదలుపెట్టొద్దు. "మాస్టారూ, ఈ సెట్ మీద మొదటి ప్రోగ్రాం ఎక్కడ చేశారు?" అని అడగండి. చాలాసార్లు ఆ మాటల్లోనే ఇంకో సెట్ ఎవరి దగ్గరుందో తెలుస్తుంది.

మూడో మెట్టు: చేతిలోకి తీసుకుని చూడటం

వెంట ఉండాల్సినవి టార్చిలైటు, దర్జీ టేపు, డ్రమ్ కీ (డ్రమ్ బోల్టులు తిప్పే చిన్న చెవి), ఒక అయస్కాంతం, ఒక మెత్తటి గుడ్డ.

*బిళ్ల.* ముందుగా షెల్ మీద పేరు బిళ్ల ఉందేమో చూడండి. బిళ్ల లేకపోతే అది ఉన్న చోట రంగు వెలియని మచ్చ ఉంటుంది. గుండ్రమా, కోలగా ఉందా, ఎన్ని మేకుల రంధ్రాలున్నాయి అన్నది ఫొటో తీసుకోండి. స్టెన్సిల్ సెట్లలో సీరియల్ నంబరు సాధారణంగా ఉండదు, దాని కోసం తల బద్దలు కొట్టుకోవద్దు. పేరుకన్నా లగ్‌ల (బోల్టులు ఎక్కేలా షెల్‌కు బిగించిన లోహపు ముక్కలు) ఆకారం, టామ్‌ని నిలబెట్టే టామ్ హోల్డర్ తీరు, స్నేర్ పక్కనుండి తీగల్ని బిగించే స్ట్రైనర్ ఆకారం ఏ ఫ్యాక్టరీదో బాగా చెబుతాయి.

*షెల్ లోపలి భాగం.* సగం సమాధానాలు ఇక్కడే ఉంటాయి. హెడ్ విప్పనిస్తే విప్పండి, లేకపోతే గాలి రంధ్రంలోంచి టార్చి వేయండి. ఎర్రటి గోధుమరంగు, పెద్ద పెద్ద రంధ్రాల్లాంటి నారతో తేలికగా ఉన్న చెక్క లువాన్ అనే చవక కలప కావచ్చు. చవక జపాన్ సెట్లలో ఎక్కువగా వాడింది అదే. పలచటి షెల్ పైనా కిందా అంచుల వెంబడి లోపల ఒక చెక్క పట్టీ అతికించి ఉంటే, గుండ్రం చెడకుండా పెట్టిన బలం అది. లువాన్ అనగానే తక్కువ చేసి మాట్లాడతారు. పలచటి లువాన్ షెల్‌కు వెచ్చటి, పొట్టి శబ్దం ఉంటుంది. చిన్న హాలులో మైకు లేకుండా వాయించి చూడండి, నచ్చుతుంది.

షెల్ అతుకు దగ్గర వేలు పెట్టి నొక్కండి. పొరలు విడిపోతే కదులుతాయి. లోపల వేలి కణుపుతో చుట్టూ కొట్టుకుంటూ వెళ్తే, పొర విడిన చోట పగిలిన కుండలా పేలవంగా మోగుతుంది. చెదలో చెక్కపురుగో తిన్నదా అని అంచుల దగ్గర సూదిమొనంత రంధ్రాలు, పొడి కోసం చూడండి. అలాంటి డ్రమ్‌ని ఇంట్లో మిగతావాటి పక్కన పెట్టకండి.

*గుండ్రం.* షెల్ పైన టేపుతో నాలుగు దిక్కులా అడ్డంగా కొలవండి. రెండు కొలతల మధ్య 3 మిల్లీమీటర్ల లోపు తేడా ఉంటే హెడ్ బిగించినప్పుడు సర్దుకుంటుంది. అంతకు మించితే శ్రుతి కుదరదు.

*కొలత.* మామూలు సెట్‌లో బేస్ డ్రమ్ 20 లేదా 22 అంగుళాలు, పై టామ్ 12 లేదా 13, నేల మీద నిలబడే ఫ్లోర్ టామ్ 14 లేదా 16, స్నేర్ 14. షెల్ చుట్టుకొలతను 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. 14 అంగుళాల హెడ్ సుళువుగా దిగాలంటే షెల్ వెలుపలి వ్యాసం 14 కన్నా కాస్త తక్కువ ఉండాలి. ఇంగ్లండు సెట్ల చిక్కు ఇదే. 1960ల చివరి దాకా వచ్చిన ప్రీమియర్, దాని తమ్ముడి వరసైన ఒలింపిక్ డ్రమ్ములు చాలావరకు అంతర్జాతీయ కొలతకన్నా కాస్త పెద్దవి. బజార్లో దొరికే హెడ్ వాటి మీద కూర్చోదు. ప్రత్యేకంగా తెప్పించాలి. దేశవాళీ సెట్లలోనూ కొలతలు అటూ ఇటూ ఉంటాయి. అందుకే టేపు లేకుండా కొనడానికి వెళ్లొద్దంటాను.

*లోహం.* స్నేర్ మెరుస్తుంటే అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే ఉక్కు. అంటుకోకపోతే ఇత్తడి మీద క్రోమ్ పూత కావచ్చు, అల్యూమినియం కావచ్చు. బరువుగా ఉంటే ఇత్తడే. ఇత్తడి షెల్ దొరికితే మంచి సరుకు చేతికొచ్చినట్టే. లగ్‌లు లెక్కపెట్టండి. చవక స్నేర్లకు ఆరో ఎనిమిదో ఉంటాయి, ఖరీదైన వాటిలో పది వరకు ఉండటం మామూలు. హెడ్‌ని పట్టి ఉంచే కట్టు, అంటే హూప్, పై అంచు బయటికి మడిచి ఉందా, నిటారుగా లేచి ఉందా చూడండి. నిటారు అంచున్న పాత హూప్‌లు పుల్లల్ని త్వరగా తినేస్తాయి, కానీ కాలాన్ని గుర్తుపట్టడానికి మంచి ఆనవాలు. పాత ప్రీమియర్ వాటిలో బిగించే బోల్టు తల మీద గాడి ఉంటుంది, మన డ్రమ్ కీ దానికి పట్టదు.

*హెడ్.* ఉన్న హెడ్‌ని చెత్త అనుకోవద్దు. రెమో కంపెనీ 1957లో ప్లాస్టిక్ హెడ్‌లతో మార్కెట్లోకి వచ్చింది. అంతకు ముందు ఎక్కువగా దూడ చర్మమే. చర్మం హెడ్‌తో సెట్ దొరికితే అది చాలా పాతదన్న ఆశ పెట్టుకోవచ్చు. కానీ మన దేశంలో చర్మం మూయడం ఎంతో కాలం సాగింది కాబట్టి దాన్నొక్కదాన్నే రుజువుగా తీసుకోకండి.

ఇక బేస్ డ్రమ్ ముందు హెడ్. నా దృష్టిలో మన సెట్లలో అన్నిటికన్నా విలువైన భాగం ఇదే. ఆర్కెస్ట్రా పేరు, ఊరు, కొన్నిసార్లు ఫోను నంబరు, సైన్‌బోర్డు పెయింటర్ చేత్తో రాసి ఉంటాయి. దగ్గరగా టార్చి పెట్టి చూడండి. అక్షరాలకు ముందు పెన్సిల్‌తో గీసుకున్న గీతలు కనిపిస్తాయి, ఎరుపు అక్షరం చుట్టూ పసుపు నీడ వేసిన కుంచె ఎక్కడ ఆగి మళ్లీ మొదలైందో తెలుస్తుంది. కింద మూలలో చిన్నగా "ఆర్ట్స్" అని పెయింటర్ సంతకం ఉంటుంది. కొన్ని చోట్ల పాత పేరు మీద తెల్ల రంగు కొట్టి కొత్త పేరు రాసి ఉంటారు, కింది అక్షరాలు పల్చగా పైకి కనిపిస్తాయి. ఒక ట్రూప్ రెండుగా చీలిందనో, సెట్ చేతులు మారిందనో చెప్పే ఆధారం అది. ఈ హెడ్‌ని కడగొద్దు, మార్చొద్దు. చిరిగితే మాత్రం పారేయకుండా తీసి నిలబెట్టి భద్రం చేయండి.

నాలుగో మెట్టు: ధర

అమ్మేవాళ్లు "ఫారిన్ సరుకు" అంటారు, మీరు "పాత సామాను" అంటారు. ఈ రెండిటి మధ్య ధర తేలాలంటే ఖర్చు లెక్క వేసుకోండి. నాలుగు డ్రమ్ముల సెట్‌కు పైనా కిందా కలిపి ఎనిమిది హెడ్‌లు పడతాయి. చాలా చవక సెట్ల విషయంలో కొత్త హెడ్‌ల ఖర్చే సెట్ ధరను దాటిపోతుంది. పోయిన బోల్టులు, హూప్‌లు, స్నేర్ తీగలు, పెడల్ విడిగా రాసుకోండి. ఇందులో పెద్ద లోటు హూప్, ఎందుకంటే కొలత తేడా ఉన్న డ్రమ్‌కు వేరే హూప్ దొరకడం కష్టం. స్టాండ్లు లేకపోయినా పర్వాలేదు. సింబల్స్ (పుల్లతో కొట్టే పెద్ద తాళాలు) పగలకుండా ఉంటే కాస్త ఎక్కువివ్వండి, అంచునో మధ్య రంధ్రం దగ్గరో సన్నటి చీలిక ఉంటే వాటికి ధర కట్టొద్దు.

ఒక్క మాట మనస్ఫూర్తిగా చెబుతాను. ఆ సెట్‌తో బతుకు వెళ్లదీసిన వాద్యకారుడి దగ్గర కొంటుంటే, పాత ఇనుము ధరకు బేరమాడకండి. మీకు దాని విలువ తెలుసు కాబట్టే వెళ్లారు.

ఐదో మెట్టు: బాగుచేయడం

విప్పడానికి ముందు అన్ని వైపులా ఫొటోలు తీయండి. ఒక్కో డ్రమ్ బోల్టులు, లగ్‌లు వేరువేరు కవర్లలో వేసి పేరు రాయండి. చవక సెట్లలో ఒకేలా కనిపించే బోల్టులు కూడా మరలో తేడా ఉండొచ్చు.

షెల్ మీద అంటించిన మెరిసే ప్లాస్టిక్ పొర విషయంలో నిప్పుతో జాగ్రత్త. పాత ముత్యపు రంగు పొరల్లో సెల్యులాయిడ్ ఉంటుంది, అది చాలా సులువుగా అంటుకుంటుంది. దగ్గర్లో వెల్డింగ్, సిగరెట్, అగరొత్తి ఏదీ ఉండకూడదు, హీట్ గన్ అసలు వాడకూడదు. తడి గుడ్డకు కొద్దిగా సబ్బు నీళ్లు పట్టించి తుడిచి, వెంటనే పొడి గుడ్డతో ఆరబెట్టండి. థిన్నర్ తగిలిందంటే పొర కరిగి మసకబారుతుంది. ఎండకు వెలిసిన రంగును తిరిగి తేలేం, తేవాల్సిన అవసరమూ లేదు. అతుకు దగ్గర లేచిన పొరను చెప్పులు కుట్టేవాళ్లు వాడే రబ్బరు సొల్యూషన్ పల్చగా రాసి, రెండు వైపులా ఆరాక అద్ది, గుడ్డ పట్టీతో కట్టి ఒక రోజు వదిలేయండి.

విడిపోయిన చెక్క పొరలకు వడ్రంగి వాడే ఫెవికాల్ చాలు. సన్నటి కత్తి మొనతో జిగురు లోపలికి పంపి, రెండు వైపులా మైనం కాగితం, దాని మీద వంపుకి సరిపడే చెక్కముక్క పెట్టి క్లాంపు బిగించండి. మర్నాటి దాకా ముట్టుకోవద్దు. మే నెలలో జిగురు పైన త్వరగా ఆరినట్టు కనిపించినా లోపల పచ్చిగానే ఉంటుంది.

తర్వాత హెడ్ కూర్చునే అంచు. వంటింట్లో గ్రానైట్ గట్టు ఉంటే అంతకన్నా మంచి పరికరం అక్కర్లేదు. గట్టు తుడిచి షెల్‌ని బోర్లించి, లోపల టార్చి వెలిగించి గదిలో లైటు ఆర్పండి. అంచు కిందనుంచి ఎక్కడ వెలుగు వస్తుందో అక్కడ పల్లం ఉన్నట్టు. వెలుగు సన్నటి గీతలా ఉంటే వదిలేయండి. ఎక్కువుంటే నున్నటి ఎమరీ కాగితాన్ని గట్టు మీద పరిచి షెల్‌ని మెల్లగా గుండ్రంగా తిప్పండి. రెండు నిమిషాలకోసారి ఆపి చూడండి. పోయిన చెక్క మళ్లీ రాదు. అంచుకు కొత్త వాలు కోయించడం మాత్రం వద్దు. చవక సెట్ల మొద్దు అంచే వాటి శబ్దంలో సగం.

తుప్పు పట్టిన క్రోమ్‌కు చవకైన మందు ఉంది. వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ని ఉండలా నలిపి, నీళ్లలో ముంచి రుద్దితే పైపై తుప్పు వదిలిపోతుంది. ఆరాక కుట్టు మిషన్ నూనె పల్చగా పట్టించండి. ఇత్తడి షెల్‌ని చింతపండుతో తోమాలనిపిస్తుంది. పూత లేని ఇత్తడి అయితే తోమొచ్చు కానీ లగ్‌లన్నీ తీశాకే. సింబల్స్‌ని మాత్రం చింతపండుతోనూ, ఇత్తడి పౌడర్‌తోనూ తోమకండి. కంపెనీ ముద్ర పోతుంది, ఏళ్లుగా పట్టిన పొర పోతే శబ్దం కాస్త కరుకుగా మారుతుంది కూడా.

క్రోమ్ పూత వేయించాలంటే విజయవాడ ఆటోనగర్ ఉంది. హూప్‌లు, స్టాండ్ల వరకు సరే. లగ్‌లను మాత్రం ఇవ్వకండి. చాలా చవక సెట్ల లగ్‌లు జింక్ పోత. పాత పూత తీయడానికి ముంచే యాసిడ్ జింక్‌ని తినేస్తుంది. అన్నీ ఒకే తొట్టిలో వేసి ఇస్తే, హూప్ మెరుస్తూ వస్తుంది, లగ్ గుంటలు పడి వస్తుంది.

పోయిన బోల్టులకు కూడా ఆటోనగర్ లేత్ వర్క్‌షాపులే ఆధారం. ఒక మంచి బోల్టు, అది ఎక్కే లగ్ నట్టు రెండూ తీసుకెళ్లండి. అమెరికన్, ఇంగ్లండు, జపాన్ సెట్ల మరలు ఒక్కటి కావు. కాస్త బిగుతుగా ఉంది కదా అని తిప్పేస్తే మెత్తటి లగ్ నట్టు మర పోతుంది. లేత్ పనివారికి "అన్నా, ఈ నట్టుకి చేత్తో తిరగాలి" అని చెప్పి, అక్కడే ఎక్కించి చూసుకోండి.

లగ్‌ల లోపల స్ప్రింగులు ఉంటే కొట్టినప్పుడు గలగలమంటాయి. చిన్న దూది ముక్క స్ప్రింగులో కూరితే ఆగుతుంది.

ఆర్కెస్ట్రా వాళ్లు కొట్టిన అదనపు రంధ్రాలు, మైకు కోసం కోసిన కన్నం, స్టిక్కర్లు, లోపల చాక్‌పీసుతో రాసిన పేర్లు అలాగే ఉండనివ్వండి. షెల్ బలహీనపడితేనే రంధ్రం పూడ్చండి.

ఆరో మెట్టు: హెడ్‌లు, శ్రుతి

చవక సెట్‌కు మందపాటి రెండు పొరల హెడ్ వేస్తే దాని గొంతు మూసేసినట్టే. ఒక్క పొర, పైన తెల్లగా గరుకు పూత ఉన్నది వేయండి. అంచు చుట్టూ మైనం ముక్కతో ఒకసారి రుద్ది హెడ్ పెట్టండి. బోల్టులన్నీ ముందు వేళ్లతో ఆనేదాకా తిప్పి, తర్వాత ఎదురెదురు బోల్టులు ఒక్కోటి అర చుట్టు చొప్పున బిగించండి. పక్కపక్కనే బిగించుకుంటూ పోతే హెడ్ ఒక వైపుకి లాగేస్తుంది. ప్రతి బోల్టుకు రెండు అంగుళాల లోపల వేలితో తట్టి, స్వరం ఒక్కటయ్యేదాకా సవరించండి. పాత జింక్ లగ్‌లు ఎక్కువ బిగువు తట్టుకోవు. ఈ షెల్‌లు మధ్యస్థ బిగువులోనే బాగా పలుకుతాయి. ఎండాకాలం మధ్యాహ్నం కుదిర్చిన శ్రుతి సాయంత్రానికి జారుతుంది, ప్రోగ్రాం ఉంటే ఆ గదిలోనే, ఆ వేళకే కుదర్చండి.

ఏడో మెట్టు: దాచడం

నేల మీద వద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని ఇళ్లు మునిగాయో చూశాం. కింది అంతస్తు వాళ్లు కనీసం మంచమెత్తు అరుగు మీదో అలమర పైనో పెట్టండి. తడిసిన షెల్‌ని ఎండలో పెట్టకూడదు, పొరలు విచ్చుకుంటాయి. హెడ్‌లు తీసి, నీడలో, ఫ్యాన్ గాలికి రోజుల తరబడి ఆరనివ్వాలి.

రేకుల గదిలో, మేడ మీద ఎండ తగిలే గదిలో కూడా పెట్టకండి. మన ఎండలకు ప్లాస్టిక్ పొర కుంచించుకుపోయి అతుకు దగ్గర చీలుతుంది. ప్లాస్టిక్ కవర్‌లో బిగించి కడితే వానాకాలం చెమ్మ లోపలే ఉండిపోతుంది. పాత నూలు దుప్పటి మంచిది. హెడ్‌లు, హూప్‌లు తీసేసి దాచొద్దు, తేలికపాటి బిగువుతో ఉంచితేనే షెల్ గుండ్రం నిలుస్తుంది. డ్రమ్ములు ఒకదాని మీద ఒకటి పేర్చేటప్పుడు పెద్దది కిందకి.

ఎనిమిదో మెట్టు: వివరాలు రాసి పెట్టడం

ఇది చేయకపోతే మీ దగ్గరున్నది పాత సామాను మాత్రమే. ఒక్కో సెట్‌కు ఒక్కో కాగితం తీసుకోండి. ఎవరి దగ్గర కొన్నారు, వాళ్లు ఎవరి దగ్గర కొన్నారు, ఏ ఊళ్లలో వాయించారు, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, ఎప్పుడు ఆపేశారు, ఎందుకు ఆపేశారు. పేర్లు రాసే ముందు అనుమతి అడగండి. కొలతలు, లగ్‌ల సంఖ్య, చెక్క రకం, బిళ్ల ఆకారం, మీరు మార్చిన ప్రతి భాగం తేదీతో సహా రాయండి. తీసేసిన పాత భాగాలు పారేయకుండా కవర్‌లో వేసి సెట్‌తోపాటే ఉంచండి.

వీలైతే ఆ సెట్‌ని వాయించిన మనిషినే పిలిచి, బాగుచేశాక ఒకసారి వాయింపించి ఫోన్లో రికార్డు చేయండి. ఏ తాళం ఎలా వేసేవారో, సన్నాయి పక్కన వాయిస్తే ఏం మార్చేవారో, ఆక్టోప్యాడ్ వచ్చాక చేతికి ఏం తేడా వచ్చిందో అడగండి. షెల్ చూస్తే తెలియని సంగతులు అవి. కాగితం జిరాక్సు ఒకటి బేస్ డ్రమ్ లోపల నూలు సంచిలో పెట్టి టామ్ హోల్డర్ బోల్టుకు వేలాడదీయండి. షెల్‌కు టేపుతో అంటించొద్దు, తీసేటప్పుడు పాత రంగు లేచొస్తుంది.